పదిహేడున్నర షిల్లింగుల పాట: బీటిల్స్‌కు ఆ పేరు రాకముందు ముచ్చట

బీటిల్స్ మొదటి పాట ఏందని ఎవరినన్న అడిగితే 'లవ్ మీ డూ' అంటరు. 1962 అక్టోబర్ 5 నాడు వచ్చింది. తప్పేం గాదు. వాళ్ల పేరు మీద పెద్ద కంపెనీ అచ్చేసి దుకాండ్లల్ల అమ్మిన మొదటి సొంత పాట గదే. కని గంతకంటే నాలుగేండ్ల ముందే, గా బ్యాండుల ముగ్గురు ఒక ముసలాయన ఇంట్ల అర్రల నిలబడి, జేబులల్ల ఉన్న చిల్లర జమ చేసి, సొంతంగ కట్టుకున్న ఒక పాటను ప్లేటు మీదికి ఎక్కిచ్చిన్రు. దాని పేరు 'ఇన్ స్పైట్ ఆఫ్ ఆల్ ది డేంజర్'. మన మాటల 'ఎన్ని ఆపతులున్నా సరే' అన్నట్టు. గా ప్లేటు ఒక్కటంటే ఒక్కటే తయారైంది. ముప్పై ఏడేండ్ల దాంక లోకం దాన్ని వినలే.

బీటిల్స్ ఎవరో సరిగ తెల్వనోళ్లకు రెండు ముక్కలు. ఇంగ్లండ్‌ల లివర్‌పూల్ అని ఓడరేవు పట్నం ఉంది. గక్కడి నలుగురు పోరగాళ్లు: జాన్ లెనన్, పాల్ మెక్‌కార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. 1962 నుంచి 1970 దాంక ఎనిమిదేండ్లల్ల లోకం పాట వినే తీరునే మార్చి పారేసిన్రు. జార్జ్ మన రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నడు. 1968ల నలుగురు రిషీకేశ్ వచ్చి ఆశ్రమంల ఉన్నరు. గదంతా అందరికి ఎరుకే. నేను చెప్పేది గా పేరు, గా పైసలు, గా ఎర్రి ఏదీ లేనప్పటి ముచ్చట.

గప్పుడు వాళ్ల బ్యాండు పేరు క్వారీమెన్. జాన్ చదివిన బడి పేరు క్వారీ బ్యాంక్, గందుకే గా పేరు పెట్టుకున్నరు. జాన్‌కు పదహారేండ్లున్నప్పుడు దోస్తులను జమ చేసి మొదలువెట్టిండు. గా రోజులల్ల ఇంగ్లండ్ అంతటా 'స్కిఫిల్' అనే పాటల గాలి వీస్తున్నది. లోనీ డోనెగన్ అనేటాయన 1956ల ఒక పాటతోని పోరగాండ్లను పిచ్చోళ్లను చేసిండు. ఎందుకంటే స్కిఫిల్‌కు పైసలు అక్కర్లేదు. ఒక చవుక గిటారు, బట్టలు ఉతికే రేకు పలక, చాయపత్తి వచ్చే చెక్క డబ్బాకు కట్టె పెట్టి తాడు బిగిస్తే బాస్. ఇంట్ల ఉన్నదే వాయిద్యం. మన కాడ డబ్బా మీద, పళ్లెం మీద దరువేసి పాడే పోరలు లేరా, గట్లనే. ఊరికి పది బ్యాండులు పుట్టినయి.

ఇంకో కారణం సుత ఉంది, దాన్ని చానమంది యాది చెయ్యరు. అంతకుముందు ఇంగ్లండ్‌ల పద్దెనిమిదేండ్లు నిండిన మొగపోరలు రెండేండ్లు ఫౌజ్‌ల పని చెయ్యాల్సి ఉండె. 1939 అక్టోబర్ తర్వాత పుట్టినోళ్లకు గా పట్టింపు తీసేసిన్రు. జాన్ పుట్టింది 1940 అక్టోబర్‌ల. ఒక్క ఏడాది తేడాతోని తప్పిచ్చుకున్నడు. లేకుంటే బ్యాండుల ఒక్కొక్కన్ని ఒక్కొక్క దిక్కు పంపిస్తుండె. పాట పుట్టాల్నంటే గొంతు ఒక్కటే సరిపోదు, నలుగురు ఒక్క కాడ కూసునేటంత టైం సుత ఉండాలె.

1957 జులై 6 నాడు వూల్టన్ అనే పేటల చర్చి జాతర. క్వారీమెన్ గక్కడ పాడిన్రు. గాడికి పాల్ వచ్చిండు. ఇద్దరికి కామన్ దోస్తు ఒకడు కలిపిండు. పాల్ గిటారు అందుకొని ఎడ్డీ కోక్రన్ పాటను మాట పొల్లుపోకుంట పాడిండు. జాన్‌కేమో పాటల మాటలే యాదికుండకపోయేటియి, మతికొచ్చింది కల్పుకొని పాడేటోడు. వీణ్ణి తీసుకుంటే నాకంటే మంచిగ వాయిస్తడు, తీసుకోకుంటే బ్యాండు గిట్లనే ఉంటది అని లోపట లెక్కలేసుకున్నడట. తీసుకున్నడు. తర్వాతి ఏడాది మొదట్ల పాల్ తన బడి దోస్తు జార్జ్‌ను తెచ్చిండు. జార్జ్ నాయిన బస్సు నడిపేటోడు. జార్జ్‌కు గప్పుడు పదిహేనేండ్లు నిండలే. రెండంతస్తుల బస్సుల పై అంతస్తు మీద కూసోని ఒక గిటారు బిట్టు వాయించి చూపెట్టి బ్యాండుల సీటు సంపాయించిండు. పాల్ నాయిన పత్తి వ్యాపారంల కొలువు చేసే మనిషి. పత్తి గురించి మనకు ఒకరు చెప్పాల్నా! ధర పడిపోతే గా ఇంట్ల సుత పొయ్యి సన్నగనే మండేది.

గిటారు సుత వీళ్లు గట్లనే నేర్చిన్రు. ఈ, ఏ అనే రెండు కార్డ్స్ వచ్చినయి. మూడోది, బి-సెవెన్, రాదు. యూట్యూబ్ లేదు, పుస్తకం లేదు. పట్నం అవతలి దిక్కు ఒకాయనకు బి-సెవెన్ వస్తదని తెలిసింది. బస్సు ఎక్కి గాయన ఇంటికి పోయి, వేళ్లు ఏడ ఎట్ల పెట్టాల్నో చూసుకొని తిరిగొచ్చిన్రు. పాల్ గీ ముచ్చట చాన సార్లు చెప్పుకున్నడు. ఒక్క కార్డ్ కోసం బస్సు చార్జి పెట్టుకున్న పోరలు వాళ్లు. ఇప్పుడు మనం చెప్పుకునే పాట సరిగ్గ గా మూడు కార్డ్స్ మీదనే నడుస్తది. గిటారు పట్టిన మొదటి నెలల ఎవరైన వాయించొచ్చు.

ఇగ 1958. జులై 12 అని చాన పుస్తకాలల్ల ఉంటది. లివర్‌పూల్‌ల కెన్సింగ్టన్ అనే సడక్ మీద 38 నంబరు ఇల్లు. పెర్సీ ఫిలిప్స్ అని అరవై దాటిన మనిషిది. ముందట దుకాణం: బ్యాటరీలు, కరెంటు సామాను, రికార్డులు. లోపటి అర్రల 1955ల ఒక చిన్న స్టూడియో పెట్టుకున్నడు. బయట సడక్ మీది బండ్ల చప్పుడు రాకుంట మందపు దుప్పట్లు వేలాడదీసిండు. గంతే స్టూడియో. పైసలు కడితే ఎవరి గొంతైన ప్లేటు మీద చెక్కి చేతుల పెడతడు. చిన్న టౌనుల ఫొటో స్టూడియో లెక్క అనుకోండ్రి. పెద్ద పేరు ఉండది, కని ఊరోళ్ల అందరి మొకాలు గాడనే ఉంటయి.

ఐదుగురు పోయిన్రు. జాన్‌కు పదిహేడు, పాల్‌కు పదహారు, జార్జ్‌కు పదిహేను. డ్రమ్ముల మీద కాలిన్ హాంటన్, గాయన సోఫాలకు బట్టలేసే పని నేర్చుకుంటున్నడు. పియానో మీద జాన్ లో, దోస్తులు డఫ్ అని పిలిచేటోళ్లు, పాల్‌తోని బడిల చదివిండు. బాస్ వాయించేటోడు లేడు. ఖర్చు 17 షిల్లింగుల 6 పెన్నీలు అని చెప్తరు. అప్పటి లెక్కల పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. మన కాడ సుత గింతకుముందే, 1957 ఏప్రిల్‌ల, అణాలు పోయి నయా పైసలు వచ్చినయి. అంటే ఐదుగురు కలిసి ఒక్క పౌను నిండ సుత పెట్టలే. గంత చిన్న మొత్తమే వాళ్లకు బరువైంది.

ప్లేటు ఎట్ల తయారైతదో జర అర్థం చేసుకుంటేనే ముచ్చటల ఉన్న బాధ తెలుస్తది. ఇయ్యాల మనం ఫోన్‌ల పాట రికార్డు చేస్తే అది అంకెలైతది. లక్ష మందికి పంపినా మొదటిది అరగది. గప్పుడు గట్ల గాదు. ప్లేటు మీద మెత్తటి పూత ఉంటది. అది నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంటే, మైకుల పడ్డ చప్పుడుకు వణికే ముల్లు ఒకటి గా పూతను కోసుకుంట బయటి అంచు నుంచి నడిమిట్లకు వస్తది. నాగలి చాలు లెక్కనే. చప్పుడు ఎట్ల వణికితే చాలు గట్ల వంకర పోతది. తర్వాత ఇంకో ముల్లు గా చాలులనే నడిస్తే గా వణుకుడు మళ్ల చప్పుడైతది. దుకాండ్లల్ల అమ్మే ప్లేట్లు వేరే, అవి గట్టివి. గా కాలపు ప్లేట్లల్ల లక్క కలిపేటోళ్లు, గా లక్క ఎక్కువ మన దేశం నుంచే పోయేది. చార్మినార్ కాడ లాడ్ బజార్ల గాజులు చేసే లక్కే. ఘంటసాల పాటలు సుత గప్పుడు గా 78 చుట్ల ప్లేట్ల మీదనే వచ్చేటియి. 'మాయాబజార్' వచ్చి అప్పటికి ఏడాది దాటింది. కని పెర్సీ ఫిలిప్స్ చేతుల పెట్టింది గా గట్టి ప్లేటు గాదు. అక్కడికక్కడ కోసి ఇచ్చే మెత్తటి రకం. దాన్ని వినుమంటే అరుగుతది. విన్న ప్రతిసారి ముల్లు కొంచెం కొంచెం గీరుకుంట పోతది. దాచిపెడితే ఉంటది, సంబురంగ వింటే పోతది.

ఒక దిక్కు బడ్డీ హోలీ పాట 'దట్ విల్ బీ ది డే' ఎక్కిచ్చిన్రు. అది అప్పటి హిట్టు, అందరికి వచ్చిన పాట. రెండో దిక్కు సొంత పాట. గా రోజులల్ల పోరగాళ్ల బ్యాండు సొంత పాట పాడుడంటే నవ్వులాటే. పాట రాసేటోళ్లు వేరే, పాడేటోళ్లు వేరే అని లోకం నమ్మింది. పైసలు పెట్టి ఒక్క ప్లేటు కొట్టించుకునే పోరలు రెండు దిక్కుల హిట్టు పాటలే పెట్టుకోవాలె, చుట్టాలకు విడిపించుకోవాలె. వీళ్లు సగం ప్లేటును సొంత పాటకు ఇచ్చిన్రు. నాకు గా రోజు జరిగిన దాంట్ల పెద్ద సంగతి గిదే అనిపిస్తది.

పాట ఎట్లుంటది? నిదానంగ, ఊయల ఊగినట్టు పోతది. ప్రేమ పాట. ఎన్ని కష్టాలొచ్చినా, గుండె పగిలినా, నువ్వు నాతోని నిజంగ ఉంటే నువ్వు చెప్పిందల్ల చేస్త అని ఒకడు ఒకామెకు చెప్పుకుంటడు. కొత్త మాట ఏం లేదు. కట్టింది పాల్. స్కౌట్ క్యాంపుల విన్న ఎల్విస్ పాట ఒకటి మనసుల పడి, గా తీరుల కట్టుకున్న అని గాయనే ఒప్పుకున్నడు. 'ట్రయింగ్ టు గెట్ టు యూ' అనే పాటకు దీనికి పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తది. పదహారేండ్ల పోరడు తనకు నచ్చిన పాటగాన్ని పోలి రాసుడు తప్పు గాదు, గట్లనే మొదలైతది ఎవరికైన. కని పాడింది పాల్ గాదు, జాన్. పాల్ పై గొంతు కలుపుతడు, జార్జ్ నడిమిట్ల గిటారు బిట్టు వాయిస్తడు. డ్రమ్ములు, పియానో ఏదో దూరపు ఇంట్ల మోగినట్టు వినవడతయి.

నన్నడిగితే పాట గొప్పదేం గాదు. బీటిల్స్ పాటల లిస్టుల మొదటి వందల రాదు. జార్జ్ బిట్టు ఒకటి రెండు కాడ తడబడ్డట్టే ఉంటది. కని జాన్ గొంతు ఉంది సూడుండ్రి, గా గరగర, గా గోస, గప్పటికే ఉంది. జాన్ పాడుతుంటే పక్క నుంచి పాల్ గొంతు వచ్చి అల్లుకునే తీరు సుత గప్పటికే ఉంది. గా రెండు గొంతులు కలిసే కాడనే తర్వాత గా బ్యాండు ఇల్లు కట్టుకున్నది. ఇంకో ముచ్చట, పాట పొడుగైంది. పది అంగుళాల ప్లేటుల మూడు నిమిషాలు పడితే ఎక్కువ. వీళ్లది మూడు నిమిషాల ఇరవై ఐదు సెకండ్ల దాంక పోయింది. ముల్లు ప్లేటు నడిమిట్లకు వచ్చేస్తున్నది, ఆపుండ్రి ఆపుండ్రి అని పెర్సీ ఫిలిప్స్ చేతులతోని సైగలు చేసిండని పియానో వాయించిన డఫ్ చెప్పిండు. మళ్ల పాడుదామంటే ఇంకో ప్లేటు, ఇంకిన్ని పైసలు. ఏడ దొరుకుతయి?

జులై 12 అనే తారీకునే పట్టుకుంటే, దాని తర్వాత మూడో రోజు, 1958 జులై 15 సాయంత్రం, జాన్ తల్లి జూలియా రోడ్డు దాటుతుంటే కారు గుద్ది సచ్చిపోయింది. కారు నడిపింది డ్యూటీల లేని పోలీసాయన. జాన్ చిన్నప్పటి సంది పెద్దమ్మ మిమి కాడ పెరిగిండు గని, తల్లి ఇల్లు దగ్గర్నే. గిటారు మీద మొదటి కార్డ్స్ నేర్పింది జూలియానే, అవి సుత బాంజో కార్డ్స్, గామెకు వచ్చినవి గవే. పాల్ తల్లి మేరీ నర్సు, 1956 అక్టోబర్‌ల క్యాన్సర్‌తోని పోయింది. గా పైన్నే పాల్ పాటలు రాసుడు మొదలువెట్టిండు, పద్నాలుగేండ్లకు. ఇగ ఇద్దరు తల్లి లేని పోరలే. వాళ్ల నడుమ దోస్తానా పాటలతోటి కట్టుకున్నది ఒకటైతే, గీ బాధతోటి కట్టుకున్నది ఇంకోటి. గీ సంగతి తెలిసినంక పాట వింటే, ప్రేమ పాటల ఆపతి అనే మాట వేరే తీరు తాకుతది. రాసేటప్పుడు గా అర్థం లేకపోవచ్చు. పాటకు అర్థం ఒక్కోసారి రాసినంక వస్తది.

ఇప్పుడు ప్లేటు మీద రాసిన పేర్ల కాడికి వస్త. జర ఆగి చూడాల్సిన సంగతి గిది. గా చిన్న కాయితం మీద పాట పేరు కింద చేతిరాతతోని 'మెక్‌కార్ట్‌నీ, హారిసన్' అని ఉంది. లెనన్ లేడు. బీటిల్స్ పాటలంటే లెనన్, మెక్‌కార్ట్‌నీ అని లోకం అంతా చదువుకున్న జంట. ఎవరు రాసినా ఇద్దరి పేరు పెట్టుకుందాం అని వాళ్లిద్దరు పోరగాళ్లున్నప్పుడే ఒప్పుకున్నరు. పాల్, జార్జ్ ఇద్దరి పేర్లే కలిసి ఉన్న పాట బీటిల్స్ చరిత్రల గిదొక్కటే. పాట రాసింది నేనే, గిటారు బిట్టు జార్జ్ వాయించిండు, అప్పుడు మాకు పాట హక్కులు అంటే ఏందో తెల్వది, బిట్టు వాయించినోని పేరు సుత ఉండాలె అనుకొని రాసినం అని పాల్ తర్వాత చెప్పిండు.

ఎంత సాదాసీదా న్యాయం అది! నువ్వు ఇంత చేసినవ్, నీ పేరు సుత ఉండాలె. మాట తర్వాత మారింది. పెద్ద కంపెనీ, లాయర్లు, కాంట్రాక్టులు వచ్చినంక, పాట రాసుడంటే మాటలు, రాగం మాత్రమే అయింది. బిట్టు వాయించినోనికి కూలి, రాసినోనికి రాయల్టీ. ఒక పాటను మొత్తం లేవట్టే గిటారు బిట్టులు జార్జ్ ఎన్నో కట్టిండు, గా పాటల పేర్ల కింద జార్జ్ లేడు. జార్జ్ పేరుతోని బీటిల్స్ సొంత పాట మళ్ల వచ్చింది 1963ల, 'డోంట్ బాదర్ మీ'. నడిమిట్ల 1961ల జర్మనీల రికార్డు చేసిన 'క్రై ఫర్ ఎ షాడో' అని ఒకటి ఉంది, మాటలు లేని వట్టి వాయిద్యం. దాని మీద హారిసన్, లెనన్ అని ఉంటది. అంటే పాల్‌తోని ఒకటి, జాన్‌తోని ఒకటి. పేరు రాకముందు రెండు దిక్కుల జార్జ్‌కు జాగ ఉండె. పేరొచ్చినంక తక్కువైంది.

మన కాడ జానపదం పాటలు యూట్యూబ్‌ల పెట్టే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు గీ పంచాయితీ కొత్తది గాదు. అవ్వ నోట్లున్న పాటను తెచ్చి ఒకరు ఛానల్ల పెడతరు, ఇంకొకరు దరువు కడతరు, ఇంకొకరు రెండు చరణాలు కలుపుతరు. పాట ఆడినంక రచన ఎవరిది, సేకరణ ఎవరిది, బాణీ ఎవరిది అని కామెంట్లల్ల కొట్లాట. డప్పు కొట్టినాయన పేరు కింద చిన్న అక్షరాలల్ల సుత ఉండది. ముందుగాల ఒక కాయితం మీద రాసుకుంటే ఐదు నిమిషాల పని. లివర్‌పూల్ పోరలు రాసుకున్నది తెలివితోని గాదు, దోస్తానాతోని. అయినా గా రాతనే నిలబడ్డది. 1995ల పాట లోకంలకు వచ్చినప్పుడు సుత పాట కింద మెక్‌కార్ట్‌నీ, హారిసన్ అనే అచ్చేసిన్రు.

మరి గన్నేండ్లు ఆ ప్లేటు ఏడుంది? ఒక్కటే ప్లేటు, ఐదుగురు హక్కుదార్లు. మనిషికో వారం అని పంచుకున్నరు. జాన్ ఒక వారం ఉంచుకున్నడు, పాల్ ఒక వారం, జార్జ్ ఒక వారం, కాలిన్ ఒక వారం. ఆఖరుకు డఫ్ దగ్గరికి పోయింది. డఫ్ దగ్గర మాత్రం వారం గాదు, ఇరవై మూడేండ్లు ఉంది. పాల్ గీ ముచ్చట నవ్వుకుంట చెప్తడు. డఫ్ దొంగతనం చెయ్యలే. గాయన ఉండే పేట దూరం, ప్రాక్టీసు అయిపోకముందే ఆఖరి బస్సు పట్టుకోవాలె, మెల్లగ బ్యాండుకే దూరమైండు. ఆఖరి బస్సుతోని ఆగిపోయిన సోపతులు మన ఊర్లల్ల సుత ఎన్ని లేవు! డ్రమ్ముల కాలిన్ సుత 1959ల ఒక ప్రోగ్రాం నుంచి తిరిగొస్తుంటే బస్సులనే మాట మాట పెరిగి, డ్రమ్ములు తీసుకొని దిగిపోయిండు. మళ్ల పోలే. ముగ్గురు మిగిలిన్రు. 1960ల బీటిల్స్ అనే పేరు, జర్మనీల హాంబర్గ్‌ల రాత్రులకు రాత్రులు పాడుడు. 1962 జనవరి 1 నాడు డెక్కా కంపెనీ టెస్టు పెట్టి వద్దు పొమ్మన్నది. గా ఆగస్టుల రింగో వచ్చిండు. మిగతాది లోకానికి ఎరుకే.

గింతల ప్లేటు డఫ్ ఇంట్ల ఉండుడే మేలైంది అంటె నేను. జాన్ కాడనో జార్జ్ కాడనో ఉంటే, హాంబర్గ్ తిరుగుళ్లల్ల ఏడనో పోయేది. లేకుంటే దోస్తులందరికి వినిపిచ్చి వినిపిచ్చి గా మెత్తటి పూత గీసుకపోయేది. పెర్సీ ఫిలిప్స్ దగ్గర టేపు సుత మిగల్లే. మిగిలిందల్లా గా ఒక్క ప్లేటు. బ్యాండు వదిలి మామూలు కొలువు చేసుకున్న మనిషి ఇంట్ల, ఎవ్వరు వినకుంట పడి ఉన్నది కాబట్టే బతికింది.

1981ల డఫ్ దాన్ని వేలం పెడదామని చూసిండు. 1980 డిసెంబర్‌ల జాన్‌ను న్యూయార్క్‌ల కాల్చి చంపిన్రు, గా తర్వాతి ఏడాదే గిది. సంగతి పాల్ దాంక పోయింది. వేలం దాంక రానియ్యకుంట పాల్ నేరుగ కొనుక్కున్నడు. ఐదుగురు కలిసి పౌను లోపట చేయించుకున్న ప్లేటును, తన సొంత పాటను, తను తిరిగి కొనుక్కున్నడు. తర్వాత మంచి ఇంజినీర్లతోని శుభ్రం చేయించి ఒక యాభై దాంక కాపీలు తీయించి దోస్తులకు, ఇంటోళ్లకు పంచిండు. లోకంల ఎక్కువ విలువున్న రికార్డులల్ల గీ ఒక్క ప్లేటు పేరు మొదటి వరసల చెప్తరు. పాల్ అమ్మే ముచ్చటనే లేదు కాబట్టి గా ధరలన్ని గాలి లెక్కలే.

1995 నవంబర్‌ల 'ఆంథాలజీ 1' అని బీటిల్స్ పాత సరుకు, బయటికి రానివన్ని కలిపి రెండు సీడీలు వచ్చినయి. గందుల గీ పాట పెట్టిన్రు. గప్పుడే జనం మొదటిసారి విన్నరు. కని మొత్తం వినలే. మూడు నిమిషాల ఇరవై ఐదు సెకండ్ల పాటను రెండు నిమిషాల నలభై నాలుగుకు కత్తిరిచ్చిన్రు. మళ్ల మళ్ల వచ్చే ముక్కను కోసి, చిరిగినట్టు వచ్చే చప్పుడు తగ్గించిన్రు. పెర్సీ ఫిలిప్స్ చేతులూపి ఆపమన్నా ఆపకుంట పాడింది ఇంజినీర్ల కత్తెరకు ఆగింది. నాకైతే నచ్చలే. గా నలభై ఒక్క సెకండ్లు చెవులకు బోరు కొట్టొచ్చు. అయినా గంత దూరం వచ్చిన పాటను నిండ వినిపిస్తే ఏం పోయింది?

అప్పుడు సుత పాట పెద్దగ ఎవరికి ఎక్కలే. ఎందుకంటే గా ఆల్బంల కొత్త ముచ్చట వేరే ఉంది. జాన్ ఇంట్ల టేపుల మీద పాడి పెట్టుకున్న 'ఫ్రీ యాజ్ ఎ బర్డ్' అనే పాటకు మిగిలిన ముగ్గురు గొంతులు, వాయిద్యాలు కలిపి కొత్త పాట చేసిన్రు. పేపర్లు, టీవీలు గా పాట చుట్టే తిరిగినయి. పదిహేను పదహారేండ్ల పోరగాళ్ల గరగర ప్లేటును చరిత్ర ముక్క అనుకొని దాటిపోయిన్రు. జాన్ చిన్నతనం మీద 2009ల వచ్చిన 'నోవేర్ బాయ్' సినిమాల గా స్టూడియో సీను పెట్టిన్రు. గది చూసి కొందరు వెతుక్కున్నరు. ఇప్పుడు వెతికితే ఫోన్ల దొరుకుతది, మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వినుండ్రి. చప్పుడు ఎనుక చప్పుడు వినాలె. గరగర గరగర అనేది పాట గాదు, అరిగిన చాలు. ఐదు ఇండ్లల్ల తిరిగిన ముల్లు గుర్తులు.

2016ల పాల్ 'వన్ ఆన్ వన్' అని దేశదేశాలు తిరుగుకుంట ప్రోగ్రాములు ఇచ్చిండు. గా ఏడాది డెబ్బై నాలుగేండ్లు నిండినయి. వేల మంది ముందట గా పాట వాయిచ్చి, పెర్సీ ఫిలిప్స్ ఇంటి ముచ్చట చెప్పేటోడు. అప్పుడు జాన్ పాడిన వరసను ఇప్పుడు తనే పాడుతడు. తను, జార్జ్ ఎనుక నుంచి అందుకున్న 'ఓ ఓ' అనే గొంతు కోసం జనం దిక్కు చెయ్యి చాపుతడు. పాట మాటలు రానోళ్లు సుత గా ముక్క అందుకుంటరు.